ఎవరి ముద్ద వారికి ముద్దు

'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాట మొదట అన్నదెవరో తెలీదు గానీ, నలుగురైదుగురున్న ఇంట్లో రోజూ వంట చేసిన ఇల్లాలే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం! ఒకరికి ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి ఉంటే చాలు. ఇంకొకరికి అదే ఇడ్లీ పంచదారలో అద్దుకుంటే గానీ గొంతు దిగదు. మూడో మనిషికి ఇడ్లీ సాంబారులో మునగాలి. నాలుగో మనిషికి సాంబారు చుక్క ఇడ్లీకి తగిలితే చాలు, కోపం నషాళానికి అంటుతుంది. వీళ్ళందరికీ వడ్డించి, ఆఖర్న చల్లారిపోయిన రెండు ఇడ్లీలని నిన్నటి వంకాయ పచ్చడితో తినేసి చెయ్యి కడుక్కునే మనిషి ఇంకొకరుంటారు. ఆవిడ సంగతి తర్వాత చెప్పుకుందాం.

ముందు ఆ పంచదార ఇడ్లీ దగ్గరికి రండి. పక్కవాడు ఇడ్లీ మీద పంచదార చల్లుకుంటే మనకొచ్చే నష్టం ఏమిటి? ఏమీ లేదు. అయినా "అవ్వ! ఇడ్లీలో పంచదారేవిటి?" అని నోరు నొక్కుకోకుండా ఉండలేం. పిల్లలైతే సరేసరి, మొహం చిట్లించి "యాక్" అనేస్తారు. పెరుగన్నంలో చిప్స్ నంజుకునే మనవణ్ణి చూసి తాతగారు తల కొట్టుకుంటారు. వేడన్నంలో పాలూ పంచదారా కలుపుకునే తాతగారిని చూసి మనవడు ముక్కు మూసుకుంటాడు. ఇద్దరికీ వడ్డించే మనిషి మాత్రం ఇద్దర్నీ చూసి నవ్వుకుంటుంది.

ఊరికో జోడీ

మన తెలుగు నేల మీదే ఎన్ని జోడీలున్నాయో చూడండి. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెకి చెరకు పానకం తోడు. కరకరలాడే మినపరొట్టె ముక్క తుంచి, తీగలా సాగే పానకంలో ముంచి తింటారు. అదే రొట్టెని కృష్ణా, గుంటూరు వైపు కొత్తావకాయతో తినేవాళ్ళున్నారు. కర్నూలు, అనంతపురం వైపు పొద్దున్నే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగులకి తిరగమోత పెట్టి, పుట్నాలపొడి చల్లిన ఉగ్గాని మెత్తగా ఉంటే, బజ్జీ కరకరలాడుతూ కారంగా తగులుతుంది. రాగిసంకటికి వేరుశనగ చట్నీయో, కోడి పులుసో ఉండాలి. తెలంగాణలో పెసరపప్పు కిచిడీకి పచ్చిపులుసు జత. వేడి వేడి కిచిడీ మీద పొయ్యి ఎక్కించని చల్లటి పులుసు పోసుకుంటారు! జొన్నరొట్టెకి ఎల్లిపాయ కారం. గారెలకి కోడికూర. ఉత్తరాంధ్రలో పులుసులో బెల్లం ముక్క పడకపోతే అది పులుసే కాదంటారు. ఇక ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి మూడూ కలిసిన ముద్ద గురించి నేను చెప్పనక్కర్లేదు, చదువుతుంటేనే మీకు నోరూరుతుంది.

సరిహద్దు దాటితే వింతలు ఇంకా ఎక్కువ. బెంగళూరు హోటళ్ళలో 'చౌచౌ బాత్' అని ఇస్తారు. ఒకే ప్లేటులో ఓ పక్క ఉప్మా, ఓ పక్క కేసరి. కారం, తీపి ఒక్కసారే! కేరళలో పుట్టుని శనగల కూరతోనూ తింటారు, అరటిపండుతో పిసికి కూడా తింటారు. ఇండోరులో పొద్దుటి పలహారం అటుకుల ఉప్మా, జిలేబి. మహారాష్ట్రలో పూరీకి శ్రీఖండ్. తమిళనాట అడ దోశకి అవియల్ ఒక జోడీ, వెన్నా బెల్లం ఇంకో జోడీ. తిరువనంతపురం వైపు విందుల్లో బొబ్బట్టులాంటి 'బోళి'ని పాయసంలో కలుపుకుని తింటారు. మనకి రెండూ తీపి పదార్థాలే కదా, దేనికది తినొచ్చు కదా అనిపిస్తుంది. వాళ్ళకి ఆ రెండూ కలవకపోతే విందు పూర్తయినట్టు కాదు.

అంటే ఏమిటన్న మాట? ఒక ఊళ్ళో 'వింత' అయినది ఇంకో ఊళ్ళో 'విందు'. ఒకడు చేస్తే పిచ్చి, వందమంది చేస్తే ఆచారం. అంతే తేడా!

వియ్యాలవారి కంచాలు

ఈ తేడా బాగా తెలిసొచ్చేది పెళ్ళితో. నేను తెనాలి వైపు పుట్టి కర్నూలు కోడలినయ్యాను కాబట్టి ఇది నాకు పుస్తకాల్లో చదువుకున్న విషయం కాదు. మా అమ్మ మొదటిసారి మా అత్తవారింటికి వచ్చినప్పుడు పొద్దున ఏడింటికి ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ ప్లేట్లో పెట్టిచ్చారు. పైకి ఏమీ అనలేదు గానీ, వంటింట్లోకి వచ్చి నా చెవిలో "పొద్దున్నే మిరపకాయ బజ్జీలేమిటే? కడుపులో మంట పుట్టదూ?" అంది. అదే రోజు మధ్యాహ్నం అమ్మ పెరుగన్నంలో అరటిపండు పిసుక్కుంటుంటే మా మామగారు కన్నార్పకుండా చూశారు. "అన్నం అన్నం లెక్క తినాల, పండు పండు లెక్క తినాల. రెండూ కలిపి పిసికేదేంది వదినమ్మా?" అన్నారు. అమ్మ నవ్వేసి, "ఒక్క ముద్ద తిని చూడండి అన్నయ్యగారూ" అంది. ఆయన తినలేదు. ఆవిడ మర్నాడు కూడా బజ్జీ ముట్టలేదు. అయినా వియ్యంపుల మర్యాదలకి ఏ లోటూ రాలేదు. ఇద్దరూ పెద్దవాళ్ళు, సమాన హోదా ఉన్నవాళ్ళు. పైగా నాలుగు రోజుల్లో ఎవరింటికి వారు వెళ్ళిపోతారు.

కోడలి సంగతి అలా కాదు కదా! ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండాలి. రోజుకి మూడు పూటలా ఆ నలుగురి మధ్యే తినాలి. ఆమె కంచంలోకి తొంగిచూసి "మీ ఇళ్ళల్లో ఇలాగే తింటారా?" అని ఒక్కరంటే నవ్వొస్తుంది. నలుగురూ రోజూ అంటే నోట్లో ముద్ద చేదవుతుంది.

నాలుక మాట వినదు

అసలు ఒకే ఇంట్లో, ఒకే చేతి వంట తిని పెరిగిన పిల్లలకి కూడా రుచులెందుకు కలవవు? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన కబుర్లు భలేగా ఉంటాయి.

అమెరికాలో 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పని చేస్తుండగా పీటీసీ అనే పదార్థం పొడి గాల్లోకి లేచిందట. పక్కనున్న సహోద్యోగి "అబ్బ, ఎంత చేదు!" అన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. నాలుక మీద వేసుకుని చూసినా అంతే! తీరా అందరికీ రుచి చూపిస్తే, కొందరికి అది చేదు విషం, కొందరికి రుచే లేని పిండి. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే లక్షణమని తర్వాత తేలింది. 2003లో దానికి కారణమైన జన్యువుని కూడా గుర్తించారు. కాబట్టి, "కాకరకాయ ఏం చేదే? వేషాలు!" అని పిల్లని కసిరే ముందు ఓ క్షణం ఆగండి. మీ నాలుక్కి తెలియని చేదు ఆ పిల్ల నాలుక్కి నిజంగానే తెలుస్తూ ఉండొచ్చు.

ఇంకో సంగతి. మన ఇష్టాలు ఉయ్యాల్లోకి రాకముందే మొదలవుతాయి. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా, ఆమె సహచరులు చేసిన ప్రయోగం 2001లో అచ్చయింది. కొందరు తల్లులకి నిండు నెలల్లోనూ, కొందరికి బిడ్డకి పాలిచ్చే రోజుల్లోనూ కారెట్ రసం ఇచ్చారు. వాళ్ళ పిల్లలకి ఘనాహారం మొదలుపెట్టాక, కారెట్ రుచి ఉన్న జావ పెడితే, అసలు కారెట్ రసం తాగని తల్లుల పిల్లల కంటే వీళ్ళు తక్కువ చిరాకుతో తిన్నారు. అంటే గోంగూర తిన్న తల్లి కడుపులోని బిడ్డకి గోంగూరతో అప్పుడే పరిచయం అవుతుందన్న మాట! ఒక ఇంటి కోడలు ఇంకో ఇంటి నుంచి తెచ్చుకునే రుచి పంతమో, పొగరో కాదు. వాళ్ళమ్మ ఇచ్చిన మొదటి సారె.

అలాగని రుచి మారదా అంటే, మారుతుంది. కొత్త కూర పిల్లలకి ఒకసారి పెట్టి 'వీడికి నచ్చదు' అని రాసిపెట్టేసుకోకూడదట. బలవంతం చెయ్యకుండా కొద్దికొద్దిగా ఎనిమిది, పదిసార్లు పెడితే చాలామంది పిల్లలు అలవాటు పడతారు. 'బలవంతం చెయ్యకుండా' అన్న మాట దగ్గరే మనకి చిక్కు!

వింత జోడీల వెనక కూడా లెక్కలున్నాయి. జామకాయకీ, పుచ్చకాయకీ ఉప్పు ఎందుకు అద్దుకుంటాం? ఉప్పు చేదుని అణిచేస్తుంది, దాంతో తీపి పైకి తేలుతుంది. ఆవకాయన్నంలో వెన్న ఎందుకు? మిరపకాయలోని మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే చెంబుడు నీళ్ళు తాగినా తగ్గని మంట చెంచాడు పెరుగుతో తగ్గుతుంది. పప్పూ అన్నం జోడీ అయితే చెప్పేదేముంది! బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియొనిన్ బియ్యంలో ఉంది. ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటాయి. సంసారం అంటే అదీ!

సంప్రదాయం వయసెంత?

"మన సంప్రదాయంలో లేదు" అనేది ఇంకో పెద్ద మాట. చాక్లెట్ సాస్ వేసుకుని దోశ తినే పిల్లని చూసి బామ్మగారు అనే మాట ఇదే. చాక్లెట్ దోశ నాకూ నచ్చదనుకోండి. కానీ సంప్రదాయం పేరెత్తితే మాత్రం కాస్త వెనక్కి వెళ్ళి చూడాలి.

మనం ప్రాణం పెట్టే ఎండుమిర్చి మన దేశానిది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కోడగామా 1498లో కాలికట్ చేరిన తర్వాత, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మిరప మన దగ్గరికొచ్చింది. అంతకుముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. టమాటా, ఆలుగడ్డ, వేరుశనగ, జీడిపప్పు... ఇవన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. అంటే, మామిడికాయ ముక్కల్లో ఆవపిండితో పాటు ఎర్రటి మిరపకారం మొట్టమొదట కలిపిన ఇల్లాలెవరో, ఆవిడ కూడా "ఇదేం తిండి? మిరియాలుండగా ఈ ఎర్ర దుమ్మేమిటి?" అని అత్తగారి చేత అనిపించుకునే ఉంటుంది! ఇవాళ అదే ఆవకాయ లేకపోతే మన ఇంటి పరువే పోతుంది.

అంతెందుకు, మన కొత్త సంవత్సరమే ఒక విచిత్రమైన జోడీతో మొదలవుతుంది కదా! వేపపువ్వు, కొత్త బెల్లం, చింతపండు, మామిడి ముక్కలు, ఉప్పు, కారం. ఇవన్నీ ఒకే గిన్నెలో కలిపి ఇంకో దేశం వాడికిస్తే ఏమంటాడు? మనం మాత్రం స్నానం చేసి, దేవుడికి పెట్టి, కళ్ళకద్దుకుని తింటాం.

పోతన గారి భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులు తినే ఘట్టం ఉంది. మీగడ పెరుగు కలిపిన చద్దిముద్ద ఎడమ చేతిలో, ఊరగాయ ముక్కలు వేళ్ళ సందుల్లో పెట్టుకుని స్నేహితుల మధ్య కూర్చుని తింటాడు. ఎవరి మూటలోది వాళ్ళు విప్పుకుని, ఒకరిది ఒకరు లాక్కుని తింటారు. ఆ బంతిలో ఎవరూ ఎవరి ముద్దనీ చూసి మూతి విరవలేదు. అందుకే ఆ భోజనం ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా మనకి నోరూరిస్తోంది.

ఎగతాళి ఎవరి మీద?

జాగ్రత్తగా గమనిస్తే, వెక్కిరింత తిండి మీద ఉండదు, మనిషి మీద ఉంటుంది. పెద్ద హోటల్లో పుచ్చకాయ ముక్కల మీద ఉప్పటి చీజ్ తురిమిస్తే వందలు పోసి తింటాం. పల్లెటూరి చుట్టం పుచ్చకాయకి ఉప్పూకారం అద్దుకుంటే మాత్రం నవ్వుతాం.

మా వీధిలో ఒక అమ్మాయి శ్రీకాకుళం వైపు నుంచి కోడలుగా వచ్చింది. వాళ్ళ పుట్టింట్లో పొద్దున్నే చోడి అంబలి, అందులో కాస్త మజ్జిగ, పక్కన పచ్చి ఉల్లిపాయ. చోళ్ళు అంటే రాగులే. కొత్తలో ఆ పిల్ల పుట్టింటి నుంచి పిండి తెచ్చుకుని అంబలి కాచుకునేది. "పనివాళ్ళు తాగేది కదమ్మా ఇది? మా ఇంట్లో ఇడ్లీలకి కరువా?" అని అత్తగారు నవ్వుతూనే అన్నారు. ఆడపడుచు ఫోన్లో స్నేహితురాళ్ళకి చెప్పి నవ్వింది. నెల తిరక్కుండా అమ్మాయి అంబలి మానేసింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తిట్టలేదు. ఆ పిల్లే మానేసింది. కొన్నాళ్ళకి అత్తగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, క్యాల్షియం కావాలి, రాగులు వాడమన్నారు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకి పైగా క్యాల్షియం ఉంటుంది మరి! మర్నాడు వాళ్ళింటికి సూపర్ మార్కెట్ నుంచి రంగు డబ్బాలో 'రాగి మాల్ట్' వచ్చింది. అది కలిపివ్వాల్సిన పని ఎవరికి పడిందో చెప్పనక్కర్లేదు. "నాలుగు రెట్లు ధర పెట్టి కొన్నారు పిన్నీ, గౌరవం వచ్చేసింది" అని నవ్వింది ఆ అమ్మాయి. ఆ నవ్వులో సంతోషమైతే లేదు.

ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు విందు భోజనాల్లోకి కూడా వచ్చాయి. మంచిదే. కానీ వాటిని తరతరాలుగా తింటున్న వాళ్ళని ఇన్నాళ్ళూ ఏమన్నామో కూడా కాస్త గుర్తుంచుకుంటే బాగుంటుంది.

హద్దులు లేవా?

ఉన్నాయి. ఇష్టం పేరుతో ఏదైనా తినొచ్చని నేననడం లేదు. అయితే ఆ హద్దు 'మాకు వింతగా ఉంది' అన్నది కాకూడదు, 'ఒంటికి మంచిది కాదు' అన్నదై ఉండాలి. రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్న మనిషి పెరుగన్నంలో ఆవకాయా, అప్పడం, చల్లమిరపకాయలూ మూడూ నంజుకుంటానంటే అడ్డు చెప్పాల్సిందే. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకూడదు. మధుమేహం ఉన్నవాళ్ళు ఇడ్లీలో పంచదార అంటే కుదరదు. అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి పులియబెట్టుకుని పొద్దున్నే తినడం వేరు, వండిన అన్నాన్ని ఎండాకాలంలో అలాగే గిన్నెలో వదిలేసి మూడు పూటలు తినడం వేరు.

పాలూ చేపలూ కలిపి తినకూడదని చరక సంహిత చెప్పింది. నమ్మేవాళ్ళు పాటించవచ్చు. కానీ దాన్ని పట్టుకుని కంటికి నచ్చని ప్రతి జోడీనీ 'విరుద్ధాహారం' అనేసి, దద్దోజనంలో ద్రాక్షపళ్ళు వేసుకున్న పిల్లని బెదరగొట్టడం న్యాయం కాదు.

ఆఖరి కంచం

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆవిడ దగ్గరికి వద్దాం. ఇంట్లో అందరి కంటే వింత జోడీలు తినేదెవరో ఎప్పుడైనా గమనించారా? మనమే! నిన్నటి చారు, ఇవాళ్టి ఉప్మా. అడుగంటిన పప్పు, పిల్లాడు సగం కొరికి వదిలేసిన చపాతీ. రాత్రి మిగిలిన బంగాళాదుంప వేపుడు, పొద్దుటి పెరుగన్నం. పంచదార పాకం అడుగున మిగిలిందని దాంట్లో ముంచుకున్న బ్రెడ్డు ముక్క. అవి ఏ ఊరి సంప్రదాయమూ కాదు, గిన్నెల్లో మిగిలినదాని సంప్రదాయం. కానీ ఇంట్లో వాళ్ళు మాత్రం ముద్దుగా "అమ్మకి అదే ఇష్టం" అంటారు.

మా మేనత్త ఒకావిడ ఉండేది. పెద్ద సంసారం. ఆవిడకి చద్దన్నం, మజ్జిగపులుసు ప్రాణమని అందరమూ అనుకునేవాళ్ళం. ఎప్పుడు చూసినా అదే తినేది మరి! డెబ్భయ్యో ఏట హైదరాబాదులో కూతురింటికి చేరింది. కూతురు ప్రేమగా రాత్రే అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే మజ్జిగపులుసు కాచి తల్లి ముందు పెట్టింది. మూడు రోజులు తిని, నాలుగో రోజు మేనత్త మెల్లగా అడిగిందట, "అమ్మాయ్, నాకు కాస్త వేడన్నం పెడతావా? పొయ్యి మీంచి దించగానే, ముద్దపప్పూ నెయ్యీ వేసుకుని తినాలని ఉందే" అని. కూతురు తెల్లబోయింది. "నీకు చద్దన్నమే కదమ్మా ఇష్టం?" అంటే, "పారెయ్యలేక తిన్నానే. ఎవరో ఒకరు తినాలి కదా" అంది. ఆ తర్వాత ఆవిడ బతికిన ఆరేళ్ళూ కూతురు పొద్దున పది గంటలకల్లా అన్నం దించి, మొదటి గరిటె తల్లి కంచంలోనే వేసేది.

ఇలా చెప్పానని చద్దన్నం తినే ప్రతి తల్లీ త్యాగమూర్తి అనుకోకండి. మా అత్తగారికి నిజంగానే చల్లారిన జొన్నరొట్టె, పెరుగు, ఎర్రకారం ఇష్టం. వేడి రొట్టె చేతికిచ్చినా చల్లార్చుకునే తింటారు. ఆవిడది రుచి, మా మేనత్తది సర్దుబాటు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఒకటే దారి, అడగడం. "అమ్మా, నీకేమిష్టం?" అని. "నాకేదైనా ఫరవాలేదు" అన్న జవాబు వస్తే దాన్ని నమ్మకుండా రెండోసారి అడగడం!

ఇదేదో సెంటిమెంటు కబురు కూడా కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ అందరూ తిన్నాక, ఆకుకూర గిన్నె అడుగున ఏం మిగిలితే అదే మన వాటా అనుకోవడం మాత్రం ఆ లెక్కని తగ్గించదు. జోడీల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి పనికొచ్చే జోడీ ఒకటి చెబుతాను. తోటకూర పప్పు వడ్డించుకున్నాక నిమ్మరసం పిండుకోండి, లేదా భోజనం అవగానే ఓ జామకాయ తినండి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ ఇనుము సరిగ్గా పట్టదు. టీకి ఓ గంట ఆగండి.

ఒక్క పూట సరదాగా

మా తోడికోడలు కరీంనగర్ వైపు అమ్మాయి. వాళ్ళింట్లో ఒక పద్ధతి పెట్టింది. నెలకో ఆదివారం రాత్రి అన్నం, పప్పు, ఒక పులుసు, పెరుగు మాత్రం చేస్తుంది. పళ్ళు, పచ్చళ్ళు, పొడులు, బెల్లం, నెయ్యి, అప్పడాలు, పిల్లల చిప్స్ పొట్లాలతో సహా అన్నీ చాప మీదికి చేరుస్తుంది. ఎవరికి కావలసినట్టు వాళ్ళు కలుపుకోవడమే. నియమాలు రెండే. ఎవరి కంచం చూసీ మొహం చిట్లించకూడదు. అడిగితే ఒక్క ముద్ద పెట్టాలి గానీ, ఎవరి నోట్లోనూ కుక్కకూడదు. మూడో నియమం ఈమధ్య వాళ్ళ చిన్నమ్మాయి చేర్చింది, ఆ పూట అమ్మ మొదటి బంతిలోనే కూర్చోవాలని. "అక్కా, మొదటి నెల కూర్చున్నానే గానీ, ఏం కలుపుకోవాలో తోచలేదు. నాకేమిష్టమో గుర్తు తెచ్చుకోవడానికే పావుగంట పట్టింది" అని చెప్పింది నాతో. చివరికి పెసరపప్పు కిచిడీ ఉంటే బాగుండు ననిపించిందట. మరుసటి నెల వాళ్ళాయన కాస్త అడుగంటించినా, కిచిడీ ఆయనే వండాడు. పచ్చిపులుసు మాత్రం ఆవిడే పిసుక్కుంది. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పే ధైర్యం ఇంకా రాలేదట!

మీ ఇంట్లో కూడా ఓ పూట చేసి చూడండి. పెద్ద ఖర్చేమీ లేదు, కొత్త వంటకమూ నేర్చుకోనక్కర్లేదు. పంచదార డబ్బా కాస్త దగ్గరగా పెట్టండి, ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రోజు మీ కంచంలో నిన్నటి గిన్నెల్లోది మాత్రం ఏదీ పడనివ్వకండి.